పాత ఇంజన్‌కి హై మైలేజ్ ఆయిల్: పనికొస్తుందా, డబ్బు దండగా?

ఇర్వింగ్_కుర్రాడు:
అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. ఇండియా వెళ్లిపోతున్న ఒక సీనియర్ దగ్గర ఈమధ్య పాత కారు కొన్నాను. జపాన్ కంపెనీ సెడాన్, 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, 1,62,000 మైళ్లు తిరిగింది. కారు పేరు కావాలనే చెప్పడం లేదు. చెబితే ఇంజన్ సంగతి పక్కకి పోయి బ్రాండ్ల గొడవ మొదలవుతుంది.

సమస్యలు రెండు. ఇంజన్ పైనుండే మూత, అదే వాల్వ్ కవర్, అంచు వెంట ఆయిల్ తడి కనిపిస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగితే కాలిన వాసన. రెండోది, బండి ఆయిల్ తాగుతోంది. సుమారు వెయ్యి మైళ్లకి ఒక క్వార్ట్, అంటే లీటరుకి కాస్త తక్కువ, పోయాల్సి వస్తోంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతుంది.

ఆయిల్ మార్పించడానికి వెళితే షాపులో అతను "75,000 మైళ్లు దాటింది, ఇక హై మైలేజ్ ఆయిలే పోయాలి" అన్నాడు. బాగా తిరిగిన ఇంజన్ల కోసమని విడిగా అమ్మే ఆయిల్ అట. మా రూమ్మేట్ అదంతా మార్కెటింగ్ అంటాడు. ఉద్యోగం వచ్చి కుదురుకునేదాకా, ఇంకో రెండేళ్లు ఈ కారుతోనే లాగాలి. ఎవరి మాట వినాలి?

జెర్సీ_పద్మ:
పోయించుకో తమ్ముడూ, అంత ఆలోచించే విషయం కాదు. ఇంజన్‌లో షాఫ్ట్‌ల చుట్టూ, కవర్ల కింద రబ్బరు సీళ్లు, గాస్కెట్లు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి అవి గట్టిపడి కుంచించుకుపోతాయి. హై మైలేజ్ ఆయిల్‌లో ఎస్టర్ల లాంటి రసాయనాలు కలుపుతారు. అవి రబ్బరులోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తాయి, కొద్దిగా ఉబ్బిస్తాయి. మా పాత వ్యాన్‌కి లక్ష మైళ్లు దాటినప్పటి నుంచి ఇదే వాడుతున్నాం. డ్రైవ్‌వేలో మరకలు బాగా తగ్గాయి. అయిదు క్వార్ట్‌ల డబ్బా మీద తేడా మూడు నాలుగు డాలర్లు. ఒక కాఫీ మానేస్తే సరిపోతుంది.

మార్కెట్_మాయ:
డబ్బా రంగు మార్చి నాలుగు డాలర్లు ఎక్కువ లాగడం. మీ రూమ్మేట్‌కి నా ఓటు.

డెట్రాయిట్_మేష్టారు:
ఇద్దరి మాటలోనూ సగం సగమే నిజం ఉంది. తీరిగ్గా చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

హై మైలేజ్ అన్నది అధికారిక తరగతి కాదు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) పెట్రోల్ ఇంజన్ ఆయిళ్లకి ఎస్‌ఎన్, ఎస్‌పీ, ఎస్‌క్యూ అంటూ తరగతులు ఇస్తుంది. వాటిలో పాత ఇంజన్లకని విడిగా ఏదీ లేదు. వాల్వోలిన్ 2000లో మ్యాక్స్‌లైఫ్ పేరుతో ఈ రకం తెచ్చింది, అమ్ముడుపోయింది, మిగతా కంపెనీలు వెంటపడ్డాయి. 75,000 మైళ్ల గీత కూడా కంపెనీలు గీసుకున్నదే. 74,000 దగ్గర బాగున్న సీలు 76,000 దగ్గర హఠాత్తుగా ఎండిపోదు. తక్కువ తిరిగినా పదిహేనేళ్లు ఫీనిక్స్ ఎండలో నిలబడిన కారు సీళ్లు అంతకన్నా అధ్వాన్నంగా ఉండొచ్చు.

అయితే లోపల సరుకు ఒకటేనన్నది కూడా తప్పు. సీల్ కండిషనర్లు, అంటే పద్మగారు చెప్పిన రబ్బరుని మెత్తబరిచేవి, నిజంగానే ఎక్కువ వేస్తారు. చాలా కంపెనీలు చిక్కదనాన్ని అదే గ్రేడులో పై అంచుకి దగ్గరగా ఉంచుతాయి. మాయగారూ, రెండు రకాల డేటా షీట్లు పక్కపక్కన పెట్టి చూడండి, కనిపిస్తుంది.

ఇప్పుడు కుర్రాడి కారు. ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. కారడం ఒకటి, కాలడం ఒకటి. కారడానికి హై మైలేజ్ ఆయిల్ కొంత పనిచేయొచ్చు, రబ్బరు గట్టిపడి మాత్రమే ఉంటే. గాస్కెట్ చిట్లినా, షాఫ్ట్ మీద గాడి పడినా ఏ ఆయిలూ అతికించదు. పొద్దున ఒక్కసారి వచ్చి ఆగే నీలం పొగ సాధారణంగా వాల్వ్ స్టెమ్ సీళ్లది. రాత్రంతా పైనుంచి జారిన ఆయిల్ స్టార్ట్ చేయగానే కాలుతుంది. అవీ రబ్బరే, కాబట్టి అక్కడా కొంత ఆశ ఉంది. కానీ వెయ్యి మైళ్లకి క్వార్ట్ పోవడానికి ఆ ఒక్క పొగ సరిపోదు. నా అనుమానం పిస్టన్ల మీదున్న ఆయిల్ రింగుల మీద. వాటి వెనకాల ఆయిల్ కిందికి దిగిపోవడానికి సన్నటి దారులు ఉంటాయి. అవి మసి పట్టి మూసుకుపోతే రింగు బిగుసుకుంటుంది, సిలిండర్ గోడ మీద ఆయిల్‌ని గీకలేదు. రింగు లోహం, రబ్బరు కాదు. దానికి సీల్ కండిషనర్ పోయడం కాలు విరిగినవాడికి జండూబామ్ రాయడమే.

ఇంకో చిక్కు కూడా ఉంది. సిలిండర్లు ఒత్తిడి ఎంత పట్టి ఉంచుతున్నాయో చూసే కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే బాగానే రావచ్చు. కంప్రెషన్ పట్టేవి పై రెండు రింగులు, ఆయిల్ గీకేది మూడోది. పైవి బాగుండి మూడోది బిగుసుకుపోయిన ఇంజన్లు చాలా ఉన్నాయి. "కంప్రెషన్ బాగుంది, ఇంజన్ బంగారం" అని ఎవరైనా అంటే నమ్మకు.

అన్నిటికన్నా ముందు పీసీవీ వాల్వ్ మార్చు. ఇంజన్ లోపల పోగయ్యే ఆవిర్లని బయటికి వదిలేది అదే. చిన్న భాగం, చవక. అది మూసుకుని ఇరుక్కుంటే క్రాంక్‌కేస్‌లో, అంటే ఇంజన్ అడుగు భాగంలో, ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని గాస్కెట్ల లోంచి బయటికి తోస్తుంది. తెరుచుకుని ఉండిపోతే ఆయిల్‌ని ఇంటేక్‌లోకి, అంటే ఇంజన్ గాలి పీల్చే దారిలోకి, లాగిస్తుంది. నీ రెండు బాధలకీ అదొక్కటే కారణం కావడానికి కూడా అవకాశం ఉంది.

జెర్సీ_పద్మ:
మేష్టారూ, మీరు చెప్పిందాన్లో నాకు అభ్యంతరం లేదు. కానీ చివరికి తేలిందేమిటి? పోస్తే నష్టం లేదు, కొంత లాభం ఉండొచ్చు, తేడా నాలుగు డాలర్లు. ఇంత చర్చ దేనికి?

డెట్రాయిట్_మేష్టారు:
ఆ డబ్బా పోసి "ఇక పరవాలేదు" అనుకుని డిప్‌స్టిక్, అదే ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ, చూడటం మానేస్తారమ్మా, అందుకు. నాలుగు క్వార్ట్‌ల చిల్లర పట్టే ఇంజన్, వెయ్యికి ఒకటి తాగుతోంది. షాపువాడు స్టిక్కర్ మీద 5,000 మైళ్లకి రమ్మని రాస్తాడు. ఈ లెక్కన అక్కడికి చేరేలోపే ఇంజన్ ఎండిపోతుంది. నాకు ఆయిల్ మీద కోపం లేదు, అది ఇచ్చే ధీమా మీదే.

ఆటోనగర్_అన్న:
విజయవాడ ఆటోనగర్ నుంచి. మీ డబ్బాల పేర్లు మా దగ్గర అడిగేవాళ్లు తక్కువ. బండి ఆయిల్ తాగుతోందని వస్తే మేం చేసేది ఒకటే, చిక్కటిది పోస్తాం. 5డబ్ల్యూ-30 తీసేసి 20డబ్ల్యూ-50. పొగ తగ్గుతుంది, శబ్దం తగ్గుతుంది, ఆయిల్ దిగడం కూడా తగ్గుతుంది. మే నెలలో మా ఊరి ఎండకి పల్చటిది నిలవదు. తమ్ముడూ, నువ్వు కూడా ఒకసారి వేసి చూడు, డాలస్‌లోనూ ఎండలు బాగానే ఉంటాయంటారుగా.

డెట్రాయిట్_మేష్టారు:
అన్నా, పాత తరం ఇంజన్లకి మీ మాట కాదనను. ఈ ఇంజన్‌కి మాత్రం వద్దు. డబ్బా మీద డబ్ల్యూ తర్వాత వచ్చే అంకె వేడెక్కాక ఆయిల్ చిక్కదనం, దాన్నే గ్రేడు అంటున్నా. ఆ గ్రేడులకి కొలతలు పెట్టిన ఎస్‌ఏఈ లెక్కలో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 గ్రేడు చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్‌ల లోపు ఉండాలి. 30 గ్రేడు 9.3 నుంచి 12.5 లోపు. 50 గ్రేడు 16.3 దగ్గర మొదలవుతుంది. 20 గ్రేడు పోయమని రాసిన ఇంజన్‌లో 50 పోస్తే దాదాపు రెట్టింపు చిక్కదనం. ఇలాంటి ఇంజన్లలో వాల్వ్ టైమింగ్‌ని, అంటే వాల్వ్‌లు తెరుచుకునే వేళని, ఆయిల్ ఒత్తిడే మారుస్తుంది, సన్నటి దారుల గుండా వెళ్లి. అక్కడ ఆలస్యమైతే చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది. ఎండ సంగతి సరే, డాలస్‌లో చలికాలం సున్నాకి దిగువకి పోయే రోజులూ ఉంటాయి. 20 నుంచి 30కి ఒక మెట్టు ఎక్కడం వేరు. మూడు మెట్లు ఒకేసారి ఎక్కడం వేరు.

ఆటోనగర్_అన్న:
సరే మేష్టారూ, మీరన్న టైమింగ్ బళ్లలో నేనూ 50 పోయను, అది ఒప్పుకుంటా. కానీ ఒకటి. రింగులు పోయాయని తెలిశాక మా దగ్గర ఇంజన్ దించుతాం, బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, చూస్తాం, రింగులు మారుస్తాం, బండి మళ్లీ రోడ్డెక్కుతుంది. మీ దేశంలో అదే పని కారు ధర దాటిపోతుంది. అందుకే మీరంతా డబ్బాల మీద కొట్టుకుంటున్నారు.

మార్కెట్_మాయ:
అన్న చెప్పింది లక్ష రూపాయల మాట.

సియాటిల్_శీను:
2.4 లీటర్ల ఇంజన్ అన్నారు కాబట్టి ఒక పాత కథ. ఈ కారు అదేనని అనడం లేదు. టొయోటా 2ఏజెడ్-ఎఫ్‌ఈ ఇంజన్‌కి, 2007–2009 కామ్రీలతో సహా కొన్ని మోడళ్లకి, కంపెనీయే వారంటీ పొడిగించింది. 1,200 మైళ్లలో ఒక క్వార్ట్ కంటే ఎక్కువ దిగితే మార్చిన డిజైన్ పిస్టన్లు, కొత్త రింగులు వేసి ఇచ్చారు. 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లు అన్న హద్దు ఉండేది, అదెప్పుడో ముగిసింది. మేష్టారు చెప్పిన మూసుకుపోయే దారుల కథే అది. కంపెనీ పిస్టన్లు మార్చింది, హై మైలేజ్ ఆయిల్ పోయమని పంపేయలేదు. దాన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

ఇంకోటి, 2024లో వాల్వోలిన్ రిస్టోర్ అండ్ ప్రొటెక్ట్ అని తెచ్చింది. ఇది సీళ్ల కోసం కాదు, పిస్టన్ల మీది మసిని వదిలించడానికి అంటున్నారు. ఒక్కసారి పోస్తే కాదు, వరుసగా కొన్ని మార్పులు చేయాలి. ఈ కారుకి హై మైలేజ్ కన్నా అదే నయం అని నా లెక్క.

జెర్సీ_పద్మ:
శీనూ, పాత ఇంజన్‌లో మసిని కడిగితే ఆ మసి ఆపుతున్న లీకులన్నీ బయటపడవా? సింథటిక్ పోస్తే కారుతుందని మా నాన్నగారి తరం వాళ్లంతా అంటారు.

డెట్రాయిట్_మేష్టారు:
ఆ మాటకి మూలం ఉంది. తొలినాళ్ల సింథటిక్‌లలో, అంటే రసాయనికంగా తయారుచేసిన ఆయిళ్లలో, వాడిన పీఏఓ అనే మూల నూనెకి సీళ్లని కుదించే గుణం ఉంది. తర్వాత దానికి విరుగుడుగా ఎస్టర్లు కలపడం మొదలుపెట్టారు. ఇప్పటి ఆయిళ్లకి ఆ భయం అక్కర్లేదు. మసి తడికెలా అడ్డుపడి ఆపుతున్న లీకు ఉంటే ఆ సీలు ఎలాగూ పోయినట్టే, ఇవాళ కాకపోతే రేపు కారుతుంది. ఆయిల్ మార్చే ముందు పోసే అయిదు నిమిషాల ఫ్లష్‌లకి మాత్రం నేను వ్యతిరేకం. ఊడిన మసి ముద్ద కింద ఆయిల్ పికప్ జల్లెడకి అడ్డం పడితే ప్రెషర్ పోతుంది. మెల్లగా కడిగే ఆయిల్ వేరు.

శీను చెప్పిన ఆయిల్ మీద కంపెనీ మాటలు నేను పూర్తిగా నమ్మను, వాళ్ల పరీక్షలు వాళ్లవే. కానీ జబ్బుకి తగిన వైపు గురిపెట్టింది. రింగులు బిగుసుకుంటే ప్రయత్నించదగ్గది అదే. అరిగిపోయి ఉంటే అదీ ఏం చేయలేదు.

మార్కెట్_మాయ:
అంటే నాలుగు డాలర్ల మార్కెటింగ్ బదులు ఎనిమిది డాలర్ల మార్కెటింగ్.

సియాటిల్_శీను:
అన్నా, మీరు ఏ డబ్బా చూసినా అదే అంటారు. ఇంజన్ మార్పిడి వేల డాలర్ల మాట. దాని ముందు ఎనిమిది డాలర్లు ఎంత?

ప్లేనో_రాజు:
టెక్సస్ వాళ్ల కోసం ఒక ముక్క. 2025 జనవరి 1 నుంచి ఇక్కడ మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కదా అని ధీమాగా ఉండకండి. డాలస్ కౌంటీలో ఎమిషన్స్ టెస్ట్, అదే పొగ పరీక్ష, అలాగే ఉంది, ఇర్వింగ్ అందులోకే వస్తుంది. చెక్ ఇంజన్ లైట్ వెలిగితే ఫెయిల్, రిజిస్ట్రేషన్ ఆగుతుంది. ఆయిల్ కాలిన ప్రతిసారీ అందులోని ఫాస్ఫరస్, పొగలోని విషవాయువుల్ని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్‌కి పూతలా పడుతుంది. 30 గ్రేడు దాకా ఫాస్ఫరస్ 0.08 శాతం మించకూడదని నియమం పెట్టింది అందుకే. తమ్ముడి కారులో ఇంజన్ కన్నా ముందు కన్వర్టరే చేతులెత్తేయవచ్చు. డబ్బాలో ఏ పేరున్నా వెనక ఏపీఐ గుండ్రటి ముద్ర చూసి కొనండి. పాత కార్ల కోసమంటూ జింక్, ఫాస్ఫరస్ దండిగా వేసిన రేసింగ్ ఆయిళ్లు అంటగడతారు, వాటి జోలికి పోవద్దు.

ఇర్వింగ్_కుర్రాడు:
అందరికీ థాంక్స్. ఈ వారాంతం పీసీవీ వాల్వ్ మార్చాను. పాతది ఊపితే గలగలమని శబ్దమే రాలేదు, జిగురు పట్టి ఇరుక్కుపోయి ఉంది. వాల్వ్ కవర్ గాస్కెట్ కూడా తెప్పించాను, వచ్చే వారం ఒక స్నేహితుడితో కలిసి వేస్తాం. దానికి ఆయిల్ మీద ఆధారపడదలచుకోలేదు.

ఆయిల్ మాత్రం శీను అన్న చెప్పిందే, 5డబ్ల్యూ-30లో. రింగులకి ఏమైనా చేస్తే చేస్తుంది. ఇక నుంచి ప్రతి పెట్రోల్ ట్యాంకుకీ డిప్‌స్టిక్ చూసి, ఎంత పోశానో ఫోన్లో రాసుకుంటాను. 4,000 మైళ్లయ్యాక లెక్క ఇక్కడే పెడతా. పద్మక్కా, కారడం ఆగకపోతే తర్వాతి డబ్బా మీరు చెప్పిందే.

జెర్సీ_పద్మ:
గాస్కెట్ కొత్తది వేశాక కారడం ఆగితే ఆ పేరు ఆయిల్‌కి ఇవ్వకు మరి, శీను ఎగిరి గంతేస్తాడు. మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం తగ్గిందో ఎవరికీ తెలియదు.

డెట్రాయిట్_మేష్టారు:
ఈ మాట మీద పద్మగారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పీసీవీ మార్చాక పాత ఆయిల్‌తోనే ఒక వెయ్యి మైళ్లు తిప్పి, ఎంత దిగిందో కొలిచి, అప్పుడు ఆయిల్ మార్చు. సగం జబ్బు ఆ వాల్వ్‌దే అయితే మిగతా చర్చ అంతా వేరేగా ఉంటుంది.

ఆటోనగర్_అన్న:
కొలిచేటప్పుడు బండి చదునైన చోట పెట్టి, ఆపాక పది నిమిషాలు ఆగి చూడు తమ్ముడూ. ప్రతిసారీ ఒకే చోట, ఒకేలా చూడాలి. వాలు మీద చూసి ఆయిల్ దిగిపోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.