మోర్మన్ చర్చిలో నల్లజాతి వాళ్లకు యాజకత్వం ఎందుకు ఆపారు?

చాలా రోజులుగా నన్ను వదలని ప్రశ్న ఇది, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. చర్చిని స్థాపించిన జోసెఫ్ స్మిత్ బతికుండగానే, 1836లో, ఎలైజా ఏబెల్ అనే నల్లజాతి ఆయనకు యాజకత్వం, అంటే చర్చిలో సంస్కారాలు జరిపే అధికారం, ఇచ్చారు. మరి 1852లో యూటాలో, స్మిత్ తర్వాత చర్చిని నడిపిన బ్రిగం యంగ్ నల్లజాతి వాళ్లకు అది కాదన్నాక 1978 జూన్ దాకా, అంటే 126 ఏళ్లు, దాన్ని ఎందుకు మార్చలేకపోయారు?

జేన్ మానింగ్ జేమ్స్ అనే నల్లజాతి మోర్మన్ గురించి చదివితే ఏడుపొచ్చింది. అప్పట్లో మోర్మన్లు ఉండే నావూ అనే ఊరు చేరడానికి ఇంటివాళ్లతో కలిసి వందల మైళ్లు నడిచిన మనిషి, ఆలయ సంస్కారాల కోసం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది, చివరికి 1894లో, చనిపోయాక కూడా నిలిచే బంధమని వాళ్లు నమ్మే సంస్కారంలో, ఆమెను స్మిత్‌కు సేవకురాలిగా మాత్రమే ముడివేశారు, అది కూడా ఆమెను ఆలయం లోపలికి రానివ్వకుండా. 1908లో, అడిగింది దక్కకుండానే పోయింది.

2013లో చర్చి ఈ నిషేధానికి అప్పట్లో చెప్పిన కారణాలన్నీ తప్పని రాసింది, సరే. హైదరాబాద్‌లో ఈ చర్చికి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, మీ పిల్లలకు ఇదంతా ఎలా చెప్తున్నారు?