జూనియర్ సూట్ సూటేనా? అత్తమామలతో క్రూజ్‌కి ఏ గది తీసుకోవాలి?

ఫ్రిస్కో కోడలు:
అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారు, మామయ్యగారు నరసరావుపేట నుంచి వచ్చారు. వాళ్లు తిరిగి వెళ్లేలోపు టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి 7 రాత్రుల క్రూజ్‌కి తీసుకెళ్లాలని మా ఆశ. సైట్ తెరిస్తే ఇన్‌సైడ్ (కిటికీ లేనిది), ఓషన్ వ్యూ (కిటికీ ఉన్నది), బాల్కనీ, జూనియర్ సూట్, ఒక్కోదాంట్లో మళ్లీ బోలెడు కోడ్‌లు. గ్యారంటీ అని ఇంకోటి చవగ్గా కనిపిస్తోంది. మామయ్యగారికి మోకాళ్ల నొప్పి, అత్తయ్యగారికి బస్సెక్కినా కళ్లు తిరుగుతాయి. మేం ఇద్దరం, పిల్లలిద్దరు. మా నలుగురికీ ఒక గది చాలుతుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ప్లేనో బాబాయ్:
ఇన్‌సైడ్ తీసుకోమ్మా, ఇంకేం ఆలోచించకు. గదిలో ఎవరుంటారు? పొద్దున్న లేస్తే బఫే, సాయంత్రం షో, రాత్రి నిద్ర. మేం నాలుగుసార్లు వెళ్లాం, నాలుగుసార్లూ ఇన్‌సైడే. మిగిలిన డబ్బుతో మెక్సికోలోని కొజుమెల్‌లో దిగి ఊరంతా చూశాం.

మేరీల్యాండ్ అమ్మాయి:
బాబాయ్ గారూ, మీకు కుదిరిందని అందరికీ అదే చెప్పకండి. మా అమ్మని ఇన్‌సైడ్‌లో పెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధే. లైటు ఆపితే చెయ్యి కూడా కనపడదు. రెండోరోజు తెల్లారిందనుకుని లేచి, తలస్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చి మా తలుపు కొట్టింది. ఫోన్ చూస్తే రాత్రి 2:40. మనం ఓడంతా తిరుగుతాం. పెద్దవాళ్లు రోజులో సగం గదిలోనే ఉంటారు. వాళ్లకి బాల్కనీ, లేదంటే కనీసం కిటికీ ఉండాలి.

ప్లేనో బాబాయ్:
టీవీలో ఓడ ముందున్న కెమెరా చానల్ వస్తుంది. సౌండ్ తీసేసి రాత్రంతా అదే పెట్టుకుంటే తెల్లారగానే గదిలోకి వెలుతురు వస్తుంది. అది అమ్మగారికి ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

మేరీల్యాండ్ అమ్మాయి:
ఆ "ఎవరైనా" నేనే కదండీ. నాకూ తెలియదు.

హ్యూస్టన్ పెద్దోడు:
జూనియర్ సూట్ జోలికి మాత్రం వెళ్లకండి. అమ్మానాన్నల 40వ పెళ్లిరోజని పోయినేడు తీసుకున్నా. కంపెనీ పేరు చెప్పను. సూట్ అన్నారు కదా అని నాన్నకి కొత్త చొక్కా వేయించి, సూట్ వాళ్లు కూర్చోవడానికి విడిగా ఉండే సూట్ లాంజ్‌కి తీసుకెళ్లా. కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగింది. మళ్లీ పెట్టా, మళ్లీ ఎర్రదే. "మీది సూట్ కేటగిరీ కాదు" అన్నాడు అక్కడి మనిషి. వెనక లైన్లో వాళ్లంతా చూస్తున్నారు. నాన్న నా భుజం తట్టి "కింద కాఫీ బాగుందిరా, పద" అన్నారు. సూట్ కానిదానికి సూట్ అని పేరెందుకు పెట్టాలి?

డెక్ తొమ్మిది:
14 క్రూజులు చేశాను, మా వాళ్లందరికీ బుకింగ్‌లు నేనే చేసిపెడతాను కాబట్టి చెబుతున్నా. జూనియర్ సూట్ అంటే పెద్ద బాల్కనీ గది, అంతే. మీది ఏ ఓడో నాకు తెలియదు, నాకు బాగా తెలిసింది రాయల్ కరేబియన్ కంపెనీ. వాళ్ల ఒయాసిస్ తరగతి ఓడల్లో సూట్లకి సీ, స్కై, స్టార్ అని మూడు మెట్లు. జూనియర్ సూట్ సీ మెట్టు. కోస్టల్ కిచెన్ అనే రెస్టారెంట్‌లో రాత్రి భోజనం ఉంటుంది, సూట్ లాంజ్ ఉండదు. లాంజ్ స్కై నుంచి మొదలు. స్టార్ వాళ్లకి జీనీ అని ప్రత్యేకంగా ఒక మనిషిని ఇస్తారు. ప్రిన్సెస్ కంపెనీ ఓడల్లో మినీ సూట్ కూడా పెద్ద గదే, సూట్ వాళ్లకిచ్చేవి దానికి రావు. డబ్బు కట్టేముందు ఏ గదికి ఏమేం ఇస్తారో ఆ పట్టిక చదువుకోవాలి.

హ్యూస్టన్ పెద్దోడు:
పట్టిక చదవలేదని మీకెవరు చెప్పారు? "సూట్" అన్న మాట చదివాను. ఏ హోటల్లో సూట్ తీసుకున్నా "ఇది సూట్ కాదు" అని ఎవరూ గుమ్మంలో ఆపరు.

డెక్ తొమ్మిది:
హోటల్ వేరు, ఓడ వేరు బ్రదర్. పైగా జూనియర్ సూట్ దండగ అనడం తప్పు. రాయల్ కరేబియన్‌లో మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకిచ్చే లాయల్టీ పాయింట్లు రాత్రికి రెండు వస్తాయి, మామూలు బాల్కనీకి ఒకటే.

హ్యూస్టన్ పెద్దోడు:
జీవితంలో ఒక్కసారి ఓడెక్కిన మా నాన్నకి పాయింట్లెందుకండీ?

బోస్టన్ బుజ్జి:
ఇద్దరూ ఆగండి. మాకు జూనియర్ సూట్ బంగారంలా పనికొచ్చింది, లాంజ్ కోసం కాదు, బాత్‌టబ్ కోసం. ఏడాదిన్నర పిల్లాడికి షవర్ కింద స్నానం చేయించడం ఎంత కష్టమో తల్లులకి తెలుసు. మామూలు గదుల్లో షవర్ దగ్గర తిరగడానికి కూడా చోటు ఉండదు.

వైజాగ్ వాసి:
2022లో కార్డెలియా ఎంప్రెస్ అనే క్రూజ్ ఓడ మా వైజాగ్ వచ్చినప్పుడు పుదుచ్చేరి, చెన్నై వైపు వెళ్లాం. అది 1990 నాటి ఓడ, ఇప్పటివాటిలా వరసగా బాల్కనీలు ఉండవు. ఓషన్ వ్యూ తీసుకున్నాం. ఓడ కదలగానే మా మావగారు కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నారు. డాల్ఫిన్స్ నోస్ మా వైపే వచ్చింది. ఊళ్లో పుట్టి పెరిగి ఆ కొండని ఎప్పుడూ ఒడ్డు నుంచే చూశారు. అది కనుమరుగయ్యేదాకా లేవలేదు. కిటికీ చిన్నదైనా చాలండీ.

సియాటిల్ సుబ్బక్క:
అలాస్కాకి మాత్రం బాల్కనీయే. హబ్బర్డ్ హిమానీనదం ముందు ఓడ నిదానంగా తిరుగుతుంది, ఎటువైపు గదైనా కనిపిస్తుంది. ఆ చలిలో దుప్పటి కప్పుకుని మన బాల్కనీలోనే నిలబడి చూడొచ్చు.

మేరీల్యాండ్ అమ్మాయి:
బాల్కనీ అని రాసినంత మాత్రాన సముద్రం కనిపిస్తుందనుకోకండి. ఒయాసిస్ తరగతిలో సెంట్రల్ పార్క్ బాల్కనీలు ఓడ లోపలికి తిరిగి ఉంటాయి. కింద చెట్లు, ఎదురుగా వేరేవాళ్ల బాల్కనీ. చెట్లు ఇష్టమైనవాళ్లకి బాగుంటుంది. "అబ్‌స్ట్రక్టెడ్" అని ఉంటే ఎదురుగా లైఫ్‌బోటు ఉండొచ్చు.

కాలిఫోర్నియా కామేశ్వరి:
అవన్నీ సరే, రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా? మా అమ్మగారు బయటి అన్నం ముట్టరు.

డెక్ తొమ్మిది:
వద్దు. వంటకి, మరిగించడానికి, ఇస్త్రీకి వాడే వేడెక్కే వస్తువులు రానివ్వరు. కెటిల్, ఇస్త్రీపెట్టె, కుక్కర్ ఏది స్కానింగ్‌లో దొరికినా తీసి ఉంచి, దిగేటప్పుడు ఇస్తారు.

ప్లేనో బాబాయ్:
మా పక్కింటివాళ్లు చిన్నది బట్టల్లో చుట్టి తీసుకెళ్లారు, ఏమీ కాలేదు.

డెక్ తొమ్మిది:
బాబాయ్ గారూ, ఇది నవ్వుకునే విషయం కాదు. నడిసముద్రంలో నిప్పంటుకుంటే ఫైరింజన్ రాదు. ఇలాంటివి దయచేసి ఎవరికీ చెప్పకండి.

ప్లేనో బాబాయ్:
నేను తీసుకెళ్లమని చెప్పానా? జరిగింది చెప్పాను. ఈమాత్రానికి అంత కోపమెందుకు?

ఆస్టిన్ ఆవకాయ:
గ్యారంటీ గురించి ఎవరూ చెప్పలేదు. ధర తక్కువే, కానీ కట్టిన కేటగిరీలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కంపెనీయే వేస్తుంది, మనం ఎంచుకోలేం. మాకు ఈతకొలను కింద గది ఇచ్చారు. తెల్లవారకముందే పైన కుర్చీలు ఈడ్చడం మొదలు. చెవుల్లో దూది పెట్టుకున్నా వినపడేది. కళ్లు తిరిగేవాళ్లకి అసలు వద్దు. ఓడ మధ్యలో, కింది డెక్‌లో (అంతస్తులో) అయితే ఊపు తక్కువ. ముందు భాగంలో ఎక్కువ. గ్యారంటీలో ఎక్కడ పడుతుందో చెప్పలేం.

డెక్ తొమ్మిది:
ఇది సరైన మాట. కోడ్‌ల విషయం కూడా ఇదే. ఒకే కేటగిరీలో అంకె మారితే గది పెద్దదవుతుందనుకోకండి, ఎక్కువగా మారేది డెక్, చోటు. నలుగురికి ఒక గది చాలుతుంది, సోఫా పరుపవుతుంది, ఇంకో మంచం పైకప్పు నుంచి దిగుతుంది. కానీ ఆలస్యం చేస్తే నాలుగు పడకల గది ఉన్నా నలుగురికి ఇవ్వకపోవచ్చు. ఆ వైపు లైఫ్‌బోట్లలో సీట్ల లెక్క నిండితే అంతే.

బోస్టన్ బుజ్జి:
మోకాళ్ల నొప్పి అన్నారు కదా, బాత్రూం గడప చూసుకోండి. చాలా గదుల్లో బెత్తెడు ఎత్తు ఉంటుంది. మా అత్తగారికి మొదటిరోజే తట్టుకుని బొటనవేలు గోరు లేచింది.

ఫ్రిస్కో కోడలు:
అందరికీ చాలా థాంక్స్. గడప సంగతి నాకు తోచనే లేదు. ఈరోజే ఫోన్ చేసి రెండు బాల్కనీ గదులు పట్టుకున్నాం, డెక్ 7, ఓడ మధ్యలో, పైనా గదులే. రెండు గదులకీ మధ్యలో తలుపు ఉంది. గడప దగ్గర పట్టుకోవడానికి మావారు మామయ్యగారి వెంటే ఉంటానన్నారు.

డెక్ తొమ్మిది:
మధ్యలో తలుపున్న గదులు నేను ఎవరికీ చెప్పను. ఆ తలుపులోంచి మాటలన్నీ వినిపిస్తాయి. మార్చుకోండి.

ఫ్రిస్కో కోడలు:
మాకు కావాల్సింది అదేనండీ. రాత్రిపూట అత్తయ్యగారు పిలిస్తే వినపడాలి.