అమ్మ సీరియల్ రికార్డింగ్ కోసం చిన్న సర్వర్: డిస్కు మధ్యలో ఆగిపోతోంది, సాయం చేయండి

అమ్మ గుడినుంచి వచ్చేసరికి సప్తగిరిలో ఆమె కార్యక్రమం అయిపోతుంది. అందుకని రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు) మీద టీవీహెడ్‌ఎండ్ (టీవీ రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) వేసి, డీడీ ఫ్రీ డిష్ కేబుల్‌ని శాటిలైట్ సిగ్నల్ అందుకునే యూఎస్‌బీ డీవీబీ-ఎస్2 ట్యూనర్‌కి తగిలించాను. లైవ్ బాగానే వస్తోంది. ట్రాన్స్‌కోడింగ్ (వీడియోని వేరే ఫార్మాట్‌లోకి మార్చడం) లేదు, వచ్చిన స్ట్రీమ్ వచ్చినట్టే ఫైల్లోకి పోతుంది కాబట్టి సీపీయూ మీద బరువేం లేదు. అయినా పావుగంటకల్లా నా పాత హార్డ్ డిస్కు టిక్కుమని ఆగుతుంది, ఆపై రికార్డింగ్ గోవిందా!

ట్యూనర్‌కి సొంత అడాప్టర్ ఉంది. డిస్కు మాత్రం బోర్డు నుంచే కరెంటు లాగుతోంది. నాలుగు యూఎస్‌బీ పోర్టులకీ కలిపి 1.2 ఆంపియర్లే అని చదివాక అనుమానం అటే పోయింది. విడిగా అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కొంటే చాలా, లేక తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీ డిస్కుకి మారాలా? రోజంతా ఇలా నడుపుతున్నవాళ్లు కాస్త చెప్పండి. అమ్మ దృష్టిలో ఇది ఇప్పటికే దండగ డబ్బా.