మాయాబజార్‌ను హెచ్‌డీలో చూడటం లాభమా, నష్టమా?

పాతరీలు: 1957 నాటి మాయాబజార్‌కు 2010లో రంగులద్ది, సినిమాస్కోపు (బాగా వెడల్పైన తెర) కొలతకు మార్చి విడుదల చేసినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆ కాలపు ఫ్రేము దాదాపు చదరంగా ఉంటుంది. దాన్ని ఇప్పటి వెడల్పు టీవీ నిండా పరచాలంటే పైనా కిందా కలిపి సుమారు నాలుగో వంతు కోసేయాలి, సినిమాస్కోపుకైతే అంతకన్నా ఎక్కువే పోతుంది. నాట్యం చేసేవారి పాదాలో, రాజుల కిరీటాలో తెగిపోయాక అది మేలెలా అవుతుంది?

వెన్నెలరేయి: పాతరీలు గారూ, కోత వేరు, స్పష్టత వేరు. మంచి 35 ఎం.ఎం. నెగటివ్‌లో, అంటే కెమెరాలో నడిచిన అసలు ఫిల్ములో, ఉన్న వివరం హెచ్‌డీ బొమ్మలోని 1080 అడ్డగీతల్లో కూడా పూర్తిగా ఇమడదు. మనం ఏళ్ల తరబడి చూసిన వీసీడీలో ఉన్నవి 288 గీతలే. ‘లాహిరి లాహిరి’ పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ సృష్టించిన వెన్నెల అందులో ఒట్టి బూడిదరంగుగా మిగిలింది. నీటి మీది మెరుపు, పడవ నీడ విడివిడిగా కనబడాలంటే నెగటివ్‌నే స్కాన్ చేయాలి.

గోదారిగట్టు: పద్యాలన్నీ ఉన్నాయో లేదో చెప్పండి, నాకది చాలు.

పాతరీలు: అవి కూడా ఉండవు. నేను కొన్న ఒక పౌరాణికం డిస్కు మీద హెచ్‌డీ అని పెద్దక్షరాలతో వేశారు, లోపల పద్యాలు ఎగరగొట్టారు. పైగా గ్రెయిన్ (ఫిల్ము మీద సహజంగా ఉండే సన్నని చుక్కలు) తీసేస్తామని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేసరికి ముఖాల మీది ముడతలు, పట్టుచీరల నేత కూడా చెరిగిపోయాయి. ఫ్రేమును కోసినవారిని మీరెందుకు వెనకేసుకొస్తున్నారు?

వెన్నెలరేయి: నేను ఎవరినీ వెనకేసుకురాలేదు, ఆ మాట వెనక్కి తీసుకోండి. మీరు ఫ్రేము దగ్గరే ఆగిపోయారు. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాత ఫిల్ము వేడికీ తేమకూ పులిసి, వెనిగర్ వాసన కొట్టి, ముడుచుకుపోతుంది. ఆ దశ దాటాక కోయడానికి కూడా ఏమీ మిగలదు. స్కానింగుకు డబ్బు పెట్టేవారు టీవీ హక్కులూ డిస్కుల అమ్మకాలూ చూసుకునే పెడతారు. కొనేవారే లేకపోతే ఆ నెగటివ్ డబ్బాలను ఎవరు తెరుస్తారు?

పాతరీలు: అయితే నా భయమూ వినండి. చానళ్లలోనూ యూట్యూబ్‌లోనూ కోసినదే తిరుగుతుంటే, రేపటి పిల్లలు దాన్నే అసలు సినిమా అనుకుంటారు, అసలుదాన్ని అడిగేవారే ఉండరు. అమ్ముకునేది ఎలాగైనా అమ్ముకోనివ్వండి, కానీ పూర్తి ఫ్రేముతో, గ్రెయిన్ ముట్టుకోకుండా చేసిన స్కాన్ ఒకటి పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరాలని ఒప్పందంలోనే రాయాలి.

వెన్నెలరేయి: దానికి నాకూ అభ్యంతరం లేదు. కానీ ఆ షరతు పెడితే నిర్మాతల వారసులు సంతకం చేయరని, ఈలోగా నెగటివ్ పోతుందని నా ఆందోళన. షరతు లేకుండానైనా ముందు స్కాన్ కానివ్వాలంటాను.

పాతరీలు: షరతు లేని స్కాన్‌కు నేను ఒప్పుకోను.