చేతివాటం అనుమానం ఉంటే ఉద్యోగుల వెంట డిటెక్టివ్‌ను పంపవచ్చా?

తూకంరాయి:
నాది విద్యుత్ సామగ్రి గోడౌను. నాతో కలిపి పన్నెండు మందిమి. ఏడు నెలలుగా రాగి తీగలో తరుగు వస్తోంది. తీగ మాకు చుట్టలుగా వస్తుంది, అడిగినవారికి మీటర్ల లెక్కన కోసి ఇస్తాం. నెలాఖరున కొలిస్తే పుస్తకంలో ఉన్నంత తీగ అరల్లో ఉండటం లేదు. మొదటి రెండు నెలలు కొలతలో పొరపాటనుకున్నాను. పొరపాటైతే ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ రావాలి కదా. ఇక్కడ ప్రతిసారీ తక్కువే.

ఇద్దరిమీద అనుమానం ఉంది. ఒకాయన రోజూ సాయంత్రం పెద్ద సంచితో ఇంటికి వెళ్తారు. ఇంకొకాయన ఈ మధ్యే కొత్త బండి కొన్నారు. ఒక ప్రైవేటు డిటెక్టివ్ సంస్థతో మాట్లాడితే, రెండు వారాలు ఇద్దరినీ వెంబడిస్తామని, లోపల రెండు రహస్య కెమెరాలు పెడతామని అన్నారు. నా భార్య వద్దంటోంది. ‘రేపు ఈ సంగతి మిగతా తొమ్మిది మందికి తెలిస్తే వాళ్ళ ముఖం ఎలా చూస్తారు?’ అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు?

నిక్కచ్చి:
ఇందులో చర్చించడానికి ఏముంది? గోడౌను మీది, సరుకు మీది, నష్టం మీది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న రోజుల్లో కెమెరాలు లేవు. స్పెయిన్‌లో ఒక సూపర్‌మార్కెట్ క్యాషియర్ల మీద రహస్య కెమెరాలు పెడితే, యూరప్ మానవ హక్కుల న్యాయస్థానమే అది తప్పు కాదంది. మానవ హక్కుల న్యాయస్థానం ఒప్పుకున్న పనికి మీరెందుకు వెనకాడాలి? తప్పు చేయనివారికి భయం ఉండదు.

పాతచిట్టా:
నేను ఇరవై రెండేళ్ళుగా అంతర్గత ఆడిటర్‌ను. తూకంరాయి గారూ, పెద్ద సంచి, కొత్త బండి సాక్ష్యాలు కావు, మీ మనసు అల్లుకున్న కథకు ముడిసరుకు. బండి అప్పు చేసి కొని ఉండవచ్చు.

ముందు ఒక్క ప్రశ్న. సరుకు దింపుకునేది ఎవరు, పుస్తకంలో రాసేది ఎవరు, నెలాఖరున కొలిచేది ఎవరు? ఈ మూడూ ఒకే మనిషి చేస్తుంటే డిటెక్టివ్ అక్కరలేదు, రెండో మనిషి కావాలి. వేర్వేరు మనుషులైతే తరుగు ఏ అంచెలో పుడుతోందో కాగితాలే చెబుతాయి.

సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్ల సంఘం 2024 నివేదికలో 138 దేశాల నుంచి 1,921 మోసాలను పరిశీలించింది. వాటిలో 43 శాతం ఎవరో ఒకరు చెప్పడం వల్ల బయటపడ్డాయి. అలా చెప్పినవారిలో సగానికి పైగా అక్కడి ఉద్యోగులే. అంటే మీరు ఎవరి వెనక కెమెరా పెడదామనుకుంటున్నారో, రేపు మీ చెవిన మాట వేయాల్సింది వాళ్ళే. తమ యజమాని చాటుగా చూస్తున్నాడని తెలిసినవారు వచ్చి ఆయనకు ఏమీ చెప్పరు.

పక్కకౌంటర్:
‘తప్పు చేయనివారికి భయం ఉండదు’ అన్నారు నిక్కచ్చి గారు. నాకు జరిగినది చెబుతాను.

నేను ఒక పెద్ద దుకాణంలో క్యాషియర్‌గా ఉండేదాన్ని. మధ్యాహ్నం రెండింటికి నా షిఫ్టు అయిపోతుంది. ఒకరోజు నన్ను పైగదికి పిలిచారు. లోపల మేనేజరు, నాకు తెలియని ఇంకొకాయన. ఆయన బయటి నుంచి వచ్చిన పరిశోధకుడని తరువాత తెలిసింది. తెర మీద నా వీడియో. నేను గల్లా తెరిచి నోట్లు బయటికి తీస్తున్నాను. వీడియో మూలన సమయం 2:06. బల్ల మీద ఒక బిల్లు: సరిగ్గా 2:06కు, నా లాగిన్‌తో, ఎవరో సరుకు వాపసు ఇచ్చినట్టు డబ్బు తిరిగి చెల్లించారు. కానీ వీడియోలో నా ముందు కొనుగోలుదారు ఎవరూ లేరు.

నా నోట మాట రాలేదు. ఆ మౌనాన్నే ఒప్పుకోలుగా రాసుకున్నారు.

నాలుగు రోజులు పనికి రావద్దన్నారు. నాలుగో రోజున, ఇంట్లో కూర్చుని ఆ వీడియోను మనసులో వెయ్యోసారి తిప్పుకుంటుంటే గుర్తొచ్చింది. నా వెనక గోడకు గడియారం ఉంటుంది. వెళ్ళి చూపించమని బతిమాలాను. గోడ గడియారంలో 1:55. కెమెరా గడియారం పదకొండు నిమిషాలు ముందు నడుస్తోంది. నేను చేస్తున్నది షిఫ్టు అప్పగించే ముందు రోజూ చేసే పని, నోట్లు లెక్కపెట్టడం. హాజరు యంత్రంలో నేను 2:01కి బయటికి వెళ్ళినట్టు ఉంది. నా తరువాత వచ్చినవారు నా లాగిన్ మూయకుండానే, నేను వెళ్ళాక, ఆ వాపసు బిల్లు కొట్టారు. అసలు 2:06 ఎక్కడుందో చూడాలంటే వీడియోను ఇంకో పదకొండు నిమిషాలు ముందుకు జరిపితే చాలు. అంత ఓపిక ఆ గదిలో ఎవరికీ లేకపోయింది.

క్షమాపణ చెప్పారు. మళ్ళీ పనికి రమ్మన్నారు. రెండు నెలలు చేసి మానేశాను. గల్లా తెరిచిన ప్రతిసారీ నా చేతులు నాకే దొంగ చేతుల్లా కనిపించేవి.

నిక్కచ్చి:
జరిగినదానికి బాధగా ఉంది, నిజంగానే. కానీ ఒక గడియారం తప్పు నడిచిందని కెమెరాలన్నీ తీసేద్దామా? చివరికి మిమ్మల్ని బయటపడేసింది కూడా ఆ వీడియోలోని గోడ గడియారమే కదా.

పక్కకౌంటర్:
కాదు. నాకు అది గుర్తుకు రావడం. గుర్తుకు రాకపోయి ఉంటే?

రెండోకారు:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. పంతొమ్మిదేళ్ళు డిటెక్టివ్ వృత్తిలో ఉండి మానేసినవాణ్ణి. నాకీ పేరెందుకంటే, ఒక్క కారుతో వెంబడిస్తే మూడో మలుపులో ఎదుటివారు అద్దంలో పట్టేస్తారు. అందుకని రెండు కార్లు మార్చి మార్చి వెళ్తాయి. నేను ఎప్పుడూ రెండోదాంట్లో.

మొదట పక్కకౌంటర్ గారికి. ఆ గదిలో ఉన్న పరిశోధకుడు మా వృత్తికి మచ్చ. వీడియో చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని, కెమెరా గడియారాన్ని సరైన సమయంతో పోల్చి తేడా రాసుకోవడం. రెండోది, అసలు ఫైలు ముట్టుకోకుండా నకలు తీసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో సంతకాలతో చిట్టా పెట్టడం. మీ దగ్గర మొదటి మెట్టే తప్పింది.

ఇక ఈ పనిని సినిమాల్లో చూసి ఊహించుకునేవారికి. పదకొండు గంటలు కారులో కూర్చుంటే చేతికి వచ్చేది మూడు వాక్యాలు. ‘8:10 తలుపు తెరుచుకుంది. 8:12 బయటికి వచ్చారు, కుడిచేతిలో నల్ల సంచి. 8:40 పనిచోటుకు చేరారు.’ సంచిలో ఏముందో రాయకూడదు, చూడలేదు కాబట్టి. కొత్త కుర్రాళ్ళు ‘అనుమానాస్పదంగా అటూ ఇటూ చూస్తూ’ అని రాసుకొచ్చేవారు. ఆ మాటలు కొట్టేయించేవాణ్ణి. రోడ్డు దాటేవాడు అటూ ఇటూ చూడక ఏం చేస్తాడు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడిని పట్టుకొచ్చే వృత్తి కాదిది. భుజం దురద పెట్టినవాడూ తడుముకుంటాడు.

ఒక కేసు ఇప్పటికీ వదలదు. నడుము దెబ్బకు బీమా పరిహారం అడిగినాయన. రెండో రోజున ఆయన బరువైన పెట్టె ఎత్తి వ్యానులో పెట్టడం చిత్రీకరించాను, ఆరు నిమిషాలు. మా క్లయింటు ఎగిరి గంతేశాడు. ఆ తరువాత మూడు రోజులు ఆయన గడప దాటలేదు. మూడో రోజు వైద్యుడు ఇంటికే వచ్చాడు. ‘ఆ మూడు రోజుల నివేదిక అక్కరలేదు, ఆరు నిమిషాలు చాలు’ అన్నాడు క్లయింటు. అంతా కలిపే పంపాను. ఆ సంస్థ నాకు మళ్ళీ పని ఇవ్వలేదు.

అయినా పాతచిట్టా గారితో పూర్తిగా ఏకీభవించను. కాగితాలు ఎంత నష్టమో, ఎక్కడో చెబుతాయి. ఇద్దరు కుమ్మక్కై కాగితాలే సరిచేస్తుంటే? సరుకు గేటు దాటాక ఏ తలుపు వెనకకు చేరిందో ఏ ఆడిటరు చెప్పగలడు? 1833లో పారిస్‌లో వర్తకుల కోసం పరిశోధన కార్యాలయం తెరిచిన విడోక్ పాత ఖైదీ. దొంగసరుకు ఎక్కడ అమ్ముడుపోతుందో పుస్తకాల్లో ఉండదని అతనికి తెలుసు. (అతణ్ణి ఎంతవరకు నమ్మవచ్చన్నది వేరే చర్చ.)

వాయిదా:
వృత్తి రీత్యా న్యాయవాదిని. నిక్కచ్చి గారు తీర్పులో తనకు నచ్చిన సగం చెప్పారు. మిగతా సగం ఇదీ. 2009లో ఆ సూపర్‌మార్కెట్లో నిల్వకూ అమ్మకాలకూ పొంతన లేదని నెలల తరబడి లెక్కల్లో కనిపించాకే కెమెరాలు పెట్టారు. పెట్టింది పది రోజులే, అదీ జనం తిరిగే క్యాష్ కౌంటర్ల మీద. వీడియోలు చూసినవారు కొద్దిమంది. పద్నాలుగు మందిని తొలగించారు. అయినా 2018 జనవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉద్యోగుల పక్షానే నిలిచింది. 2019 అక్టోబరులో విస్తృత ధర్మాసనం 14–3 తేడాతో దాన్ని మార్చింది. మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదుల సంగతి వేరని ఆ తీర్పులోనే ఉంది. ఇది ‘పెట్టుకోండి’ అన్న అనుమతి కాదు. ‘ఇంత జాగ్రత్తగా పెడితే, ఈ ఒక్కసారికి సరే’ అనడం.

వెంబడించడం గురించి ఇంకో కేసు. స్విట్జర్లాండ్‌లో బైకు ఢీకొని గాయపడిన ఒక మహిళ వెనక బీమా సంస్థ డిటెక్టివ్‌లను పంపింది. అది ఆమె వ్యక్తిగత జీవిత హక్కుకు భంగమని 2016లో ఇదే న్యాయస్థానం చెప్పింది. ఎంతకాలం వెంబడించవచ్చు, ఎవరు అనుమతించాలి, చిత్రాలు ఎక్కడ ఉంచాలి అన్నవి అక్కడి చట్టంలో స్పష్టంగా లేకపోవడమే కారణం. దాంతో వాళ్ళు చట్టం రాసుకున్నారు. 2018 నవంబరు ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 65 శాతం మంది దానికి ఓటేశారు. ఆ చట్టం ప్రకారం సామాజిక బీమా కేసుల్లో మామూలుగా ఆరు నెలల్లో 20 రోజులకు మించి నిఘా కూడదు. మనిషి ఎక్కడున్నాడో తెలిపే పరికరం వాడాలంటే కోర్టు అనుమతి కావాలి.

తూకంరాయి గారూ, మీకు ఆ సంస్థ ఇచ్చింది ‘రెండు వారాలు, ఇద్దరు మనుషులు, రెండు కెమెరాలు’. దేన్ని తేల్చడానికి అన్నది అందులో ఎక్కడా లేదు. అది రాయలేకపోతే సంతకం పెట్టకండి. మీరు ఉన్నచోట చట్టం ఏమంటుందో కూడా ముందే ఒక న్యాయవాదిని అడగండి.

రెండోకారు:
దీనికి ఒక్క మాట చేరుస్తాను. వాళ్ళు తెచ్చే ప్రతి సమాచారానికీ ‘ఇది ఎలా తెచ్చారు?’ అని అడగండి. 2006లో హ్యూలెట్-ప్యాకార్డ్ అనే అమెరికా కంప్యూటర్ల కంపెనీ బోర్డు విషయాలు పత్రికలకు ఎవరు చేరవేస్తున్నారో తేల్చడానికి పెట్టిన పరిశోధకులు, వేరేవారి పేరు చెప్పుకుని ఫోను కంపెనీల నుంచి డైరెక్టర్ల, విలేకరుల కాల్ వివరాలు లాగారు. రహస్యం బయటపెట్టినవారి సంగతి వెనక్కిపోయింది. బోర్డు అధ్యక్షురాలే పదవి వదులుకున్నారు. కొన్ని నెలలకే, 2007 జనవరిలో, అలా ఫోను వివరాలు రాబట్టడం నేరమని అమెరికాలో చట్టం వచ్చింది. మీరు పెట్టుకున్న డిటెక్టివ్ చేసిన తప్పు చివరికి మీ గుమ్మం ముందుకే వస్తుంది.

తూకంరాయి:
మూడు వారాల తరువాత రాస్తున్నాను. సంస్థకు ఇంకా ఏమీ చెప్పలేదు.

పాతచిట్టా గారి ప్రశ్నకు జవాబు వెతికితే సిగ్గేసింది. దింపుకునేవారు, రాసేవారు, కొలిచేవారు వేర్వేరు. కానీ దింపుకునేటప్పుడు మేము చుట్టలు లెక్కపెట్టేవాళ్ళమే తప్ప తీగ కొలిచేవాళ్ళం కాదు. చీటీ మీద 90 మీటర్లని ఉంటే 90 అని రాసుకునేవాళ్ళం. ఈసారి వచ్చిన 40 చుట్టలనూ దింపగానే తూకం వేయించాను. ఆరు తేలికగా ఉన్నాయి. విప్పి కొలిస్తే ఒకటి 83 మీటర్లు, ఇంకొకటి 81. కట్టు మాత్రం ఫ్యాక్టరీ కట్టులాగే ఉంది. పంపిన కంపెనీని అడిగితే లోడు ఎత్తేటప్పటి తూకం పత్రం పంపారు. అక్కడ సరిగ్గానే ఉంది.

సంచి ఆయనను అడగలేదు. బండి ఆయననూ అడగలేదు. ఇక అడగను కూడా.

నిక్కచ్చి:
అంటే దారిలో పోతోంది. లారీ డ్రైవరే.

పక్కకౌంటర్:
మళ్ళీ మొదలుపెట్టారా?

పాతచిట్టా:
డ్రైవరో, ఎక్కించేవారో, మధ్యలో సరుకు మార్చేచోట ఇంకెవరో. ప్రతి లోడుకూ రెండు చివర్లా తూకం వేయించి, ఆ ఆరు చుట్టలు ఏ రోజు ఏ వాహనంలో వచ్చాయో ఒక పట్టిక వేయండి.

రెండోకారు:
పట్టిక వేయండి, మంచిదే. కానీ ఆ లారీ ఎక్కడ ఆగుతుందో పట్టిక చెప్పదు. ఇప్పుడు మీ దగ్గర ఒక దారి ఉంది, ఒక రోజు ఉంది, తేల్చాల్సిన ప్రశ్న ఒకటుంది. నన్నడిగితే డిటెక్టివ్‌ను పిలవాల్సింది ఇప్పుడు.

తూకంరాయి:
వచ్చే లోడు గురువారం బయలుదేరుతుంది. ‘ఒక్క రోజు, బహిరంగ రోడ్డు మీద మాత్రమే, బండి ఎక్కడెక్కడ ఆగింది, ఎంతసేపు’ అని రాసి సంస్థకు పంపబోతూ, ముందు నా భార్యకు చూపించాను. రెండుసార్లు చదివింది. కెమెరా అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని ఇంకోసారి చూసి, తిరిగి నా చేతికిచ్చింది.