మకిటా 18 వోల్టుల టూళ్ళకు కంపెనీ బ్యాటరీయా, డూప్లికేటా? డ్రిల్లుకు ఆడేది గ్రైండర్‌కు ఎందుకు ఆగిపోతోంది?

సీలింగ్_వర్క్_కరీంనగర్

అన్నలకు నమస్తే. సైటులో మకిటా 18 వోల్టుల డ్రిల్లు, 4 అంగుళాల గ్రైండర్ వాడుతున్నాం. పాత 3 యాంప్ అవర్ బ్యాటరీలు దిగిపోయాయి. రాణిగంజ్‌లో అచ్చం అదే ఆకారంలో ఉన్న డూప్లికేట్, పైన 6.0 యాంప్ అవర్ అని రాసుంది, కంపెనీ ధరలో మూడో వంతుకే వచ్చింది. డ్రిల్లుకు బాగానే ఆడుతోంది. గ్రైండర్‌కు పెడితే రెండు మూడు కోతలకే ఆగిపోతోంది, కాసేపు పక్కన పెడితే మళ్ళీ మూడు లైట్లు వెలుగుతున్నాయి. లోపం గ్రైండర్‌లోనా, బ్యాటరీలోనా? ఇంకోటి కొనాల్సి వస్తే కొట్టులోనే ఎలా తేల్చుకోవాలి?

ప్యాక్_రిపేర్_సికింద్రాబాద్

గ్రైండర్‌ను విప్పకండి, దానిలో ఏమీ లేదు. డ్రిల్లు మామూలు పనికి 5 నుంచి 10 యాంపులు లాగుతుంది, గ్రైండర్ ఇనుము కోసేటప్పుడు 25 యాంపులు దాటుతుంది. బ్యాటరీ మీద రాసిన యాంప్ అవర్ ఎంత నిల్వ ఉందో మాత్రమే చెబుతుంది. ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదో చెప్పదు. ఆ రెండోదే గ్రైండర్‌కు కావాలి.

లోపలి సంగతి ఇది. 18 వోల్టుల ప్యాక్ అంటే 3.6 వోల్టుల సెల్లులు అయిదు వరసగా. ఫుల్ చార్జింగులో ఒక్కోటి 4.2, మొత్తం 21 వోల్టులు. బజార్లో 20 అనీ 21 అనీ అమ్మేవి కూడా ఇవే అయిదు సెల్లులు. కొన్ని చైనా సెట్ల మీద 88, 128 అని పెద్ద అంకెలు ఉంటాయి, మీటరు పెడితే అక్కడా 21 దాటదు. కంపెనీ 5 యాంప్ అవర్ ప్యాకులో 2.5 యాంప్ అవర్ 18650 రకం (గుండ్రటి లిథియం) సెల్లులు పది ఉంటాయి, రెండేసి జంటగా అయిదు వరసలు. ఆ రకం సెల్లు ఒక్కోటి 20 యాంపులు ఇవ్వగలదు కాబట్టి జంటకు 40. డూప్లికేట్‌లో ఎక్కువగా లాప్‌టాప్ రకం సెల్లులు, లేదా పాతవాటికి కొత్త తొడుగు వేసినవి వస్తాయి. అవి అయిదారు యాంపులకే తయారైనవి. ఎక్కువ లాగగానే వోల్టేజి కిందికి జారుతుంది, 15 దగ్గర టూల్ ఆపేస్తుంది. లోడు తీయగానే వోల్టేజి తిరిగి లేస్తుంది, అందుకే మీకు లైట్లు వెలుగుతున్నాయి.

కొలిచి చూడండి. 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు రెండింటిని సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) కలిపి, మధ్యలో 15 యాంపుల ఫ్యూజు పెట్టి, 1.5 స్క్వేర్ ఎంఎం వైరుతో ప్యాక్ ప్లస్ మైనస్‌లకు ఇవ్వండి. దాదాపు 4 యాంపులు లాగుతాయి. ముందు ఖాళీ వోల్టేజి రాసుకోండి. బల్బులు వెలిగాక పది సెకన్లకు మళ్ళీ రాసుకోండి. తేడాను 4తో భాగిస్తే లోపలి రెసిస్టెన్సు వస్తుంది. మంచి పది సెల్లుల ప్యాకులో 0.1 ఓమ్ లోపే ఉండాలి. అలాగే వెలగనిచ్చి 15 వోల్టులకు ఎన్ని నిమిషాల్లో దిగిందో చూస్తే నిల్వ ఎంతో తెలుస్తుంది. నిజంగా 6 యాంప్ అవర్ అయితే గంటన్నర వెలగాలి.

రెండు జాగ్రత్తలు. ఇలా నేరుగా కరెంటు తీసుకుంటే బ్యాటరీ తనంతట తాను ఆగుతుందని నమ్మకండి, చాలా ప్యాకుల్లో ఆపే పని టూల్‌ది. కాబట్టి మీటరు దగ్గరే ఉండి 15కు తీసేయాలి. బల్బులు బాగా కాలుతాయి, ప్లైవుడ్ మీద కాకుండా టైలు మీద పెట్టండి.

మీటర్_మనిషి

పైదానికి ఒక చేర్పు. యాంపులు కొలవాలనుకుంటే మామూలు క్లాంప్ మీటరు పనికిరాదు, అది ఏసీ మాత్రమే చూస్తుంది. డీసీ క్లాంప్ కావాలి, లేదంటే మల్టీమీటరును 10 యాంపుల రేంజిలో సిరీస్‌లో పెట్టాలి. కొలవడం అయ్యాక ఎర్ర ప్రోబును వోల్టుల సాకెట్‌కు మార్చకుండా బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్టే.

టూల్స్_కౌంటర్_విజయవాడ

కొట్టులో చేయగలిగేది చెబుతాను. ముందు తూకం. 18650 సెల్లు ఒక్కోటి 45 గ్రాముల పైమాటే, పది అంటే 450, డబ్బా బోర్డుతో కలిపి 600 దాటాలి. 6 యాంప్ అవర్ అని రాసి 400 గ్రాములు తూగితే లోపల అయిదే ఉన్నాయి. ఆ తర్వాత లెక్క. 18650 సెల్లు మంచిదైనా మామూలుగా 3.5 యాంప్ అవర్ దగ్గరే ఉంటుంది, కాబట్టి పది సెల్లుల ప్యాకుకు 7కు బాగా పైన అంకె రాస్తే నమ్మొద్దు. లావు సెల్లులైతే, అంటే 21700 రకం, లెక్క వేరు. బాష్ ప్రోకోర్ 4 యాంప్ అవర్‌లో అవి అయిదే ఉంటాయి, అది సరైనదే.

లేబులు మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు వెతకండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ, ఏ వస్తువు మీద ఇచ్చారో వస్తుంది. నంబరు ఉంది కదా అని వదిలేయకండి, పేరు కలుస్తుందో లేదో చూడాలి. హోలోగ్రామ్‌ను అసలు లెక్కలోకి తీసుకోవద్దు, దాన్ని ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. జీఎస్టీ బిల్లులో మోడల్ నంబరు రాయించుకోండి, రాయనంటే అక్కడే అర్థమైపోతుంది.

సీలింగ్_వర్క్_కరీంనగర్

చెప్పినట్టే చేశాం. తూకం 395 గ్రాములు. ఖాళీగా 20.1 వోల్టులు, బల్బులు పెట్టాక 18.3. 27 నిమిషాల్లో 15కు వచ్చింది.

ప్యాక్_రిపేర్_సికింద్రాబాద్

1.8ని 4తో భాగిస్తే 0.45 ఓమ్. గ్రైండర్ 20 యాంపులు అడిగితే 9 వోల్టులు లోపలే పోతాయి, మీ టూల్‌కు చేరేది 11. ఆగిపోక ఏం చేస్తుంది? 27 నిమిషాలకు నిల్వ 1.8 యాంప్ అవర్ దగ్గర తేలుతుంది, తూకం కూడా అయిదు సెల్లులనే చెబుతోంది. మూడు కొలతలూ ఒకే మాట చెబుతున్నాయి. పోయే ఆ 9 వోల్టులు ఎక్కడికీ మాయం కావు, 20 యాంపుల దగ్గర 180 వాట్ల వేడిగా ఆ ప్లాస్టిక్ డబ్బాలోనే పుడతాయి.

గ్రైండర్‌కు, వృత్తాకార రంపానికి, రోటరీ హామర్‌కు దీన్ని పెట్టవద్దు. జిప్సమ్ బోర్డుకు స్క్రూలు బిగించడానికి, సైటు లైటుకు వాడుకోవచ్చు. చార్జింగ్ విషయంలోనే నాకు భయం. మకిటా రాపిడ్ చార్జర్ డీసీ18ఆర్‌సీ 9 యాంపుల దాకా తోస్తుంది. కంపెనీ బ్యాటరీ తన వేడినీ, సెల్లుల రకాన్నీ చార్జర్‌కు తెలియజేస్తుంది. డూప్లికేట్‌లో కొన్నిసార్లు వేడి చూసే థర్మిస్టర్ చోట మామూలు రెసిస్టర్ అతికిస్తారు, బ్యాటరీ కాలుతున్నా చార్జర్‌కు చల్లగానే కనిపిస్తుంది. నిదానంగా ఎక్కించే చార్జర్‌తో, మనిషి ఉన్నప్పుడే, చెక్కపొట్టుకు దూరంగా పెట్టండి. రాత్రంతా వదలొద్దు. మకిటా వాళ్ళు చార్జింగ్‌కు 10 నుంచి 40 డిగ్రీలు, నిల్వకు 50 డిగ్రీల లోపు అని రాస్తారు. మన మే నెలలో నీడలోనే 40 దాటుతుంది, మూసిన ఆటో డబ్బాలో 50 ఎంతసేపు? పొద్దున్నే చార్జింగ్ పెట్టుకోండి.

మీటర్_మనిషి

డివాల్ట్ 20 వోల్టుల బ్యాటరీని అడాప్టర్‌తో మకిటాకు తగిలించే ఆలోచన ఉంటే ఒక మాట. అందులో తక్కువ వోల్టేజికి ఆపే పని డివాల్ట్ టూల్ చేస్తుంది, బ్యాటరీ చేయదు. అడాప్టర్ మీద మకిటా టూల్‌కు ఆ సమాచారం అందదు, సెల్లులు 2.5 వోల్టుల కిందికి పోయి పాడవుతాయి. ఒక సౌకర్యం మాత్రం ఉంది. ఆ బ్యాటరీలో ఒక్కో వరస సెల్లుల వోల్టేజి చూసే సీ1 నుంచి సీ4 దాకా కాంటాక్టులు బయటే ఉంటాయి, బీ మైనస్ (బ్యాటరీ మైనస్) నుంచి కొలిస్తే ఫుల్ చార్జింగులో సుమారు 4 వోల్టుల చొప్పున మెట్లుగా రావాలి. ఏ మెట్టయినా మిగతావాటికంటే 0.1 వోల్టు పైగా తగ్గితే ఆ వరసే పోతోంది. మకిటాకు ఈ కొలత కావాలంటే మధ్యలో రంధ్రం ఉన్న టీ10 బిట్‌తో డబ్బా విప్పాలి, అప్పుడు వారంటీ వదులుకున్నట్టే.

సీలింగ్_వర్క్_కరీంనగర్

అర్థమైంది. గ్రైండర్‌కు కంపెనీ 5 యాంప్ అవర్ ఒకటి బిల్లుతో తీసుకుంటాం. డూప్లికేట్ మీద "స్క్రూలకు మాత్రమే" అని మార్కర్‌తో రాసి పెట్టాం, కుర్రాళ్ళు తెలియక గ్రైండర్‌కు తగిలించకుండా.