రెండు చెవులకీ ఒకేసారి ఇంప్లాంట్ చేయిస్తే పిల్ల తూలుతుందా?

రావులపాలెం నాన్న:
మా పాపకి పుట్టుకతోనే వినపడదండి. రెండు చెవులకీ ఒకేసారి కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలోకి సన్నని తీగ దూర్చి వినపడేలా చేసే పరికరం) పెట్టించమంటున్నారు డాక్టర్లు. మా బావగారేమో ఒక చెవికి చాలు, రెండూ కదిపితే పిల్ల జీవితాంతం తూలుతుందని పట్టుబట్టారు. ఎవరి మాట వినాలి?

మూడో కాలువ:
బావగారి భయం ఉత్తదేం కాదండి. వినికిడి భాగమూ బ్యాలెన్స్ భాగమూ లోపలి చెవిలో పక్కపక్కనే, ఒకే ద్రవంతో కలిసి ఉంటాయి. తీగ దూర్చేది వినికిడి భాగమైన కాక్లియాలోకే అయినా దాన్ని ఆనుకుని ఉన్న సాక్యూల్ అనే చిన్న సంచికి దెబ్బ తగలొచ్చు. ఆపరేషన్ అయ్యాక వచ్చే కళ్ళు తిరగడం చాలామందికి కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తగ్గిపోతుంది, ఎందుకంటే రెండో వైపు బాగుంటే మెదడు దాంతో సర్దుకుంటుంది. రెండూ ఒకేసారి దెబ్బతింటే ఆ ఆసరా ఉండదు. నేనైతే ఒకటి అయ్యాకే ఇంకోటి అంటాను.

లంకలో అమ్మ:
నేనొప్పుకోను. అంతా ఆపరేషన్ మీదకి నెట్టేస్తే ఎలా? మా వాడికి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చి వినికిడి పోయింది, అప్పటికి చక్కగా నడిచేవాడు కాస్తా కూర్చోలేకపోయాడు, ఇదంతా ఆపరేషన్‌కి ముందే. పుట్టుచెవుడు పిల్లల్లో కూడా చాలామందికి బ్యాలెన్స్ మొదట్నుంచీ తక్కువే, అందుకే నడక ఆలస్యం. పైగా మెనింజైటిస్ తర్వాత కాక్లియాలో ఎముక పెరిగి పూడుకుపోవచ్చు, అప్పుడు తీగే దూరదు. ఒకటి అయ్యాక ఇంకోటి అని కూర్చుంటే మాకు రెండో చెవి దక్కేదా?

మూడో కాలువ:
మెనింజైటిస్ సంగతి వేరండి, అక్కడ తొందర పడాల్సిందే. ఈ పాపది అది కాదుగా. ముందు బ్యాలెన్స్ పరీక్ష చేయిస్తే ఏ వైపు బలహీనమో తెలుస్తుంది, ఆ వైపు ముందు పెట్టించొచ్చు.

లంకలో అమ్మ:
చేయించండి, కానీ దానికోసం నెలలు ఆగొద్దు, మాట నేర్చే వయసు మనకోసం ఆగదు. నాకు తూలడం కంటే నీళ్ళ భయమే ఎక్కువ. చెవి బ్యాలెన్స్ లేనివాళ్ళు కళ్ళతో, కాళ్ళతో నెట్టుకొస్తారు. కాలువ బురద నీళ్ళలో మునిగితే ఆ రెండూ పనిచేయవు, పైకెటో కిందకెటో తెలీదు. చెవి బయట పెట్టుకునే ప్రాసెసర్ తీసేసి దిగుతారు కాబట్టి మన కేక కూడా వినపడదు. మా వాణ్ణి రేవులోకి ఒంటరిగా పంపం.

రావులపాలెం నాన్న:
ఇంకా ఏడాది నిండలేదండి, ఇంత చిన్నపిల్లకి ఆ పరీక్షలు చేస్తారా?

మూడో కాలువ:
ఆయ్, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేసేవి ఉన్నాయి. అన్నిచోట్లా ఉండవు, ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. మెడ ఎప్పుడు నిలిపిందో, ఎప్పుడు కూర్చుందో కూడా రాసుకెళ్ళండి, అడుగుతారు.